నష్టం పల్లమెరుగు

కిందటి ఏడాది కర్నూలులో జరిగిన ఒక సభలో నేనూ మాట్లాడాను. ‘వెనుకబడిన సీమ - పాలకుల వివక్ష’ అన్నది అంశం. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికతో మొదలుపెట్టాం. 1953లో వచ్చి 1956లో పోయిన రాజధాని గురించీ, 2020లో ‘న్యాయ రాజధాని’ అని చట్టం చేసి 2021లో వెనక్కి తీసుకున్న వైనం గురించీ వేదిక మీదున్న ఎనిమిది మందిమీ ఒకరి తర్వాత ఒకరం చెప్పిందే చెప్పాం. ఆ ఎనిమిది మందిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మధ్యాహ్నం భోజనాల దగ్గర, పొద్దున అందరికంటే ఆవేశంగా మాట్లాడిన పెద్దమనిషి నా పక్కన కూర్చున్నారు. నీళ్ళలో మన వాటా ఏమైందని గర్జించిన గొంతుతోనే ఆయన, “ఈ ఉపాధి పని వచ్చినాక కూలోళ్ళు మాట వినేది మానేసినారు మేడమ్. ఆడకూలి గూడా రేటు మాట్లాడ్తాంది” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేను ఊపలేదు. కానీ కాదని కూడా అనలేదు. పెరుగన్నం కలుపుకుంటూ ఉండిపోయాను.

ఆ రోజు చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెప్పాలనుకుంటున్నాను. సీమకు అన్యాయం జరిగిందన్నది నిజం. అయితే ఆ అన్యాయం సీమలో అందరికీ సమానంగా జరిగిందనడం అబద్ధం. ఆ అబద్ధాన్ని మనం ఎంత గట్టిగా నినదిస్తే, కింద ఉన్న ఆడమనిషి బతుకు అంతగా కనిపించకుండా పోతోంది.

‘రాయలసీమ’ అన్న పేరు మనకు 1928లో నంద్యాల సభలో దక్కింది. అంతకు ముందు మనవి దత్తమండలాలు. నిజాం 1800లో ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చిన భూములు. ఆ పేరు మార్చుకోవడంలో ఉన్న ఆత్మగౌరవాన్ని నేను చిన్నచూపు చూడడం లేదు. కానీ పేరు మారినా పంపకం మారలేదు. పాత కర్నూలు జిల్లానే తీసుకోండి. 1860లలో తవ్విన కర్నూలు-కడప కాలువ తూర్పు వైపు తడిపింది. పడమటి వైపు పత్తికొండ, ఆలూరు, ఆదోని ప్రాంతాల్లో చాలా ఊళ్ళు ఇప్పటికీ మబ్బు కేసి చూడాల్సిందే. 2022లో నంద్యాల వేరే జిల్లా అయ్యాక ఈ తేడా పటంలో కూడా కనిపిస్తోంది. ఇక కాలువ కింద ఉన్న ఊళ్ళోనైనా నీళ్ళు ఎవరి పొలానికి ముందు పోతాయి? మాలగేరికీ మాదిగగేరికీ ఎన్ని ఎకరాలు పారకం కింద ఉన్నాయి? ‘సీమ తలసరి ఆదాయం’ అని మనం ఉదాహరించే సగటులో ఈ ప్రశ్నలకు చోటు లేదు. సగటు అన్నది పెద్ద కమతం నీడలో చిన్న బతుకును దాచిపెట్టే లెక్క.

దేశం మొత్తానికి 2015-16 వ్యవసాయ గణన చెప్పింది చూడండి. జనాభాలో సుమారు ఆరో వంతు ఉన్న షెడ్యూల్డు కులాల చేతిలో ఉన్న సాగు విస్తీర్ణం 9 శాతం లోపే. సాగు కమతాల్లో ఆడవాళ్ళవి దాదాపు 14 శాతం. ఈ రెండు లెక్కలూ కలిసే చోట, అంటే దళిత స్త్రీ దగ్గర, ఎంత మిగులుతుందో లెక్కలు రాని వాళ్ళు కూడా చెప్పగలరు. ఆమెకు ఉన్న ఆస్తి రెండు చేతులు. ఆమెకు సంబంధించి ఆర్థిక అసమానత అంటే ఆ చేతులకు కట్టే ఖరీదు. అంటే కూలి.

ఆ ఖరీదును తక్కువ కట్టడం మనకు కొత్త కాదు. 1876-78 కరువు గురించి మనం రాయని వ్యాసం లేదు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. కరువు పనుల్లో మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కట్టిన రేటును ఇప్పటికీ తిట్టుకుంటాం. తిట్టాల్సిందే. కానీ ఆ ఆకలి రేటులో కూడా ఆడకూలికి మగవాడి కంటే తక్కువే కట్టారన్న సంగతి మన కరువు వ్యాసాల్లో ఎక్కడైనా చదివారా? తెల్లదొర మనల్ని ఎంత తక్కువగా చూశాడో గుర్తుపెట్టుకున్నాం. ఆడమనిషి ఆకలి మగవాడి ఆకలి కంటే చిన్నదన్న ఆయన లెక్కను మాత్రం తప్పు పట్టలేదు. ఎందుకంటే అది మన లెక్క కూడా.

ఇక్కడ నా ఇంటి సంగతి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ మాటలకు అర్థం లేదు.

మాది కోవెలకుంట్ల వైపు ఒక పల్లె. కాలువ కింద కొంత, మెట్ట కొంత భూమి ఉన్న కుటుంబం. నేను ఆరో తరగతి చదివే రోజుల్లో మా నాయన సంకరజాతి పత్తి విత్తనం పండించడం మొదలుపెట్టాడు. ఆ పని తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. సాయంత్రం పూట, మరుసటి రోజు విచ్చుకోబోయే మొగ్గలు ఎంచుకుని, గోటితో పైపొర గిచ్చి, లోపల పుప్పొడి ఉండే భాగాన్ని తీసేయాలి. మర్నాడు పొద్దున మగ వరసల్లోంచి పూలు కోసుకొచ్చి, ఒక్కొక్క మొగ్గకూ పుప్పొడి రాయాలి. దీన్నే మా దగ్గర క్రాసింగ్ అంటారు. ఎకరంలో వేల మొగ్గలు. ఆగస్టులో మొదలైతే చలికాలం దాకా రోజూ ఇదే పని. మందు కొట్టిన మరుసటి రోజు కూడా ఆగదు. బడి పిల్లకు ఒక విద్యాసంవత్సరం ఇందులో పోతుంది.

ఈ పనికి మా చేనుకు వచ్చింది ఆడపిల్లలే. “ఆడపిల్లల వేళ్ళు లేతగా ఉంటాయి, మొగ్గ చెడదు, చెట్టు ఎత్తుకు సరిగ్గా సరిపోతారు” అని మా ఇంట్లో అనేవాళ్ళు. పడమటి ఊళ్ళ నుంచి, తల్లిదండ్రులకు ముందే అప్పు ఇచ్చి తెచ్చిన పిల్లలు మా గడ్డికొట్టంలో పడుకునేవాళ్ళు. అందులో ఒకతెది సరిగ్గా నా ఈడు. నేను యూనిఫాం వేసుకుని పుస్తకాల సంచీతో బయల్దేరేటప్పటికి ఆమె చేనులో ఉండేది. శనివారం సాయంత్రం కూలి లెక్క రాసే పని నాది. నా చేతి రాత బాగుంటుందని మా నాయన నాకప్పగించాడు. మగకూలికి ఒక అంకె, ఆడకూలికి దాని కంటే తక్కువ అంకె, పిల్లలకు అంతకంటే తక్కువ అంకె. మూడు అంకెలూ గుండ్రంగా రాశాను. ఆ విత్తనం డబ్బుతోనే నేను డిగ్రీ చదివాను, పీజీ చదివాను. ఈ రోజు మీరు చదువుతున్న ఈ వాక్యాలు రాసే విద్య ఆ మూడో అంకెలోంచి మిగిలిన డబ్బుతో కొన్నదే.

ఇది మా ఒక్క చేను కథ కాదు. దావులూరి వెంకటేశ్వర్లు ఈ విత్తన పొలాల మీద చేసిన అధ్యయనాలు 2000 తర్వాత వెలువడినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పొలాల్లో పనిచేస్తున్న పిల్లలు రెండు లక్షలకు పైబడి ఉన్నారనీ, వాళ్ళలో అత్యధికులు ఆడపిల్లలనీ, కర్నూలు ముఖ్యమైన జిల్లాల్లో ఒకటనీ అవి చెప్పాయి. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. కంపెనీ విత్తనానికి కట్టే ధరలో పెద్దవాళ్ళ కూలి ఇచ్చి ఈ సాగు చేయడం రైతుకు గిట్టదు. అంటే ఆడపిల్ల తక్కువ కూలి ప్రమాదవశాత్తూ జరిగింది కాదు. ఆ ధరలోనే ముందుగా లెక్క కట్టి పెట్టినది.

నీరు పల్లమెరుగు అంటారు పెద్దలు. మా సీమలో నీరు పల్లాన్ని ఎరగదు, పలుకుబడిని ఎరుగుతుంది. పల్లం ఎరిగేది నష్టం. కంపెనీ తన నష్టాన్ని ఆర్గనైజర్ మీదికి తోస్తుంది. ఆర్గనైజర్ రైతు మీదికి, రైతు మగకూలి మీదికి, మగకూలి ఇంటికొచ్చి భార్య మీదికి, ఆ తల్లి దిక్కులేక పన్నెండేళ్ళ కూతురి మీదికి. అక్కడితో ఆగుతుంది. ఆ పిల్ల కింద ఇంకెవరూ లేరు కాబట్టి ఆగుతుంది. మనం ‘రైతు సంక్షోభం’ అన్నప్పుడు ఈ మెట్లలో మధ్య మెట్టు మీద నిలబడి పైకి చూస్తూ మాట్లాడుతున్నాం. పైకి చూడటం తప్పు కాదు. కిందికి చూడకపోవడం తప్పు.

పడమటి మండలాలకు వెళ్ళి చూడండి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద వైపు, చలికాలం వచ్చేసరికి చాలా ఇళ్ళకు తాళాలు పడతాయి. గుంటూరు మిరపకోతకు పోవడాన్ని అక్కడ ‘సుగ్గికి పోవడం’ అంటారు. సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం. సంబరం ధ్వనించే మాట. ఎవరి పంట? మూడేళ్ళ కిందట ఒక ఊళ్ళో, బొలేరో బండి కోసం మూటలతో కాచుకున్న ఒకామెను “పిల్లను హాస్టల్లో వదిలిపెట్టి పోవచ్చు గదా అక్కా” అని అడిగాను. “వదిలిపెడితే కాయ ఎవురు కోస్తారు మేడమ్మా? ఆడ కిలోల లెక్క. నేనొక్కదాన్నే కోస్తే వచ్చేది మా తిండికే సరిపాయ. అప్పు యాడిది తీరేది?” అంది. కిలోల లెక్కలో పిల్ల చేతులు కూడా తూకానికి వస్తాయి, పేరు మాత్రం పద్దులోకి రాదు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా మగవాళ్ళలో 70 శాతం అక్షరాస్యులు. ఆడవాళ్ళు సగానికి చేరలేదు. ఈ అంకెను మనం ‘వెనుకబాటుతనం’ అంటాం, అదేదో వాతావరణం లాంటిదైనట్టు. అది వాతావరణం కాదు. మిరప తోటల్లో, పత్తి చేలల్లో మన లాభం కోసం ఖర్చయిన బడిరోజుల మొత్తం.

పాత కడప జిల్లాలో ఇదే నష్టం సముద్రం దాటుతుంది. రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే స్త్రీలలో ముస్లింలు, దళితులు, వెనుకబడిన కులాల వాళ్ళే ఎక్కువ. ఇంటిపనికి గల్ఫ్ పోవాలంటే ముప్పై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ నిబంధన ఏజెంటు చేతిలో వయసు దిద్దడానికి ఒక కొత్త ఫీజు అయింది. అక్కడ ఆమె వీసా యజమాని చేతిలో. ఇక్కడ ఆమె పిల్లలు అవ్వ చేతిలో. ఆమె పంపిన డబ్బుతో లేచిన మిద్దె మీద పేరు భర్తది. అయినా ఊరు ఆమె గురించి మాట్లాడేది ఆమె శీలం గురించే. ఆమె జీతం గురించి కాదు.

మరి మనం, అంటే ప్రభుత్వాలూ, సంస్థలూ, మనలాంటి చదువుకున్న స్త్రీలూ, ఆమెకు ఏమిచ్చాం? పొదుపు నేర్పాం. 1990లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అండతో మా ఓర్వకల్లులో మొదలైన పొదుపు సంఘాల పని చిన్నది కాదు. ఆడవాళ్ళు గడప దాటారు, బ్యాంకు మెట్లెక్కారు, మండల స్థాయి సమాఖ్యను తామే నడిపారు. దాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. కానీ ఒక్క ప్రశ్న. కూలి డబ్బుల్లోంచి వారానికింత మిగల్చమని ఆమెకు చెప్పిన మనం, ఆ కూలి ఎంతో, మగవాడి కంటే ఎందుకు తక్కువో ఆమె యజమానిని అడిగామా? చాలని కూలిలోంచి పొదుపు చెయ్యమనడం అంటే ఆకలిని వాయిదాల్లో కట్టమనడమే. తర్వాత ఆ సంఘాల ఆడవాళ్ళ వెంటే సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. వాళ్ళ వసూళ్ళ వేధింపులు ఎంత దూరం పోయాయంటే 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పేద స్త్రీ అప్పు నమ్మకంగా తీరుస్తుందని మెచ్చుకున్న వాళ్ళు, ఆమెకు అప్పు ఎందుకు కావాల్సి వచ్చిందని అడగలేదు.

కూలి రేటును నిజంగా కదిపింది ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరి 2న పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆడా మగా తేడా లేకుండా ఒకే రేటు అని ప్రభుత్వమే మస్టరు మీద రాసింది. డబ్బు ఆమె ఖాతాలోకి వచ్చింది. అది పూర్తి న్యాయం కాదు. కొలతల్లో మోసాలున్నాయి, నెలల తరబడి ఆలస్యాలున్నాయి. కానీ దానివల్ల ఆమెకు ఒక మాట దొరికింది. “ఆ రేటుకు రాను.” సభలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషికి బాధ కలిగించిన మాట అదే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో ఇంకొకటి చేసింది. 100 రోజుల్ని 125 చేశామని గొప్పగా చెప్పుకున్నారు. ఖర్చులో 40 శాతం మనలాంటి రాష్ట్రాల నెత్తిన పెట్టారు. అంతకంటే ముఖ్యం, విత్తనాల కాలంలో, కోతల కాలంలో కలిపి ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపే ఏర్పాటు పెట్టారు. ఆ విరామం ఎవరి కోసం? పొలాల్లో కూలికి గిరాకీ ఉండే రోజులవి. ఆమె బేరం ఆడగలిగేది ఆ రోజుల్లోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమెకున్న రెండో దారి మూసేస్తే, ఆమె మళ్ళీ ఆ మూడు అంకెల పుస్తకం ముందే నిలబడాలి. సీమ నీళ్ళ కోసం రాస్తారోకోలు చేసే మనం ఈ 60 రోజుల గురించి ఒక్క కరపత్రమైనా వేశామా?

ఇప్పుడు మన మాట. ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చినప్పుడు నాలాంటి వాళ్ళకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. తర్వాత గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చినప్పుడు మాత్రం కొందరం ఇబ్బందిగా కదిలాం. మన స్త్రీవాదం ఎవరి వంటింటి గురించి, ఎవరి ఆస్తి గురించి మాట్లాడుతోందని దళిత స్త్రీలు అడిగారు. ఆ ప్రశ్నను మనం పాఠ్యాంశం చేసుకున్నాం, సెమినార్ పత్రం చేసుకున్నాం. జవాబు మాత్రం చెప్పలేదు. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో జన్మతః వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. దేశం మొత్తానికి అది 2005లో వచ్చింది. మనం గర్వించే చట్టం. నేనూ దాన్ని చూపించే మా అన్నదమ్ముల దగ్గర నా వాటా అడిగాను. కానీ ఆస్తి లేని ఇంటి ఆడపిల్లకు ఆ చట్టం ఏమిచ్చింది? ఆమెకు పనికొచ్చేది సమాన వేతన చట్టం. అది 1976లో వచ్చింది, ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో కలిసిపోయింది, ఆ కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. యాభై ఏళ్ళలో మా ఊరి చేలగట్ల మీద దాని నీడ పడగా నేను చూడలేదు. మొదటి చట్టం మీద మనం రాసినన్ని వ్యాసాలు రెండో చట్టం మీద ఎందుకు రాయలేదు? మొదటిది మన వాటా గురించి. రెండోది మనం ఇవ్వాల్సిన కూలి గురించి.

ఇది ఇక్కడి సంగతి మాత్రమే కాదు. అమెరికాలో 1938లో కనీస వేతనం, పని గంటల చట్టం చేసినప్పుడు వ్యవసాయ కూలీలనూ ఇంటిపని వాళ్ళనూ బయట పెట్టారు. ఆ కాలంలో పనిచేసే నల్లజాతి స్త్రీలలో అత్యధికులు ఆ రెండు పనుల్లోనే ఉన్నారు. చట్టంలో జాతి అన్న మాటే లేదు. అవసరం కూడా రాలేదు. పనుల పేర్లు వదిలేస్తే మనుషులు వాళ్ళంతట వాళ్ళే జారిపోయారు. ఇంటిపని వాళ్ళను అందులో చేర్చడానికి 1974 దాకా పట్టింది. అక్కడి నల్లజాతి స్త్రీలు ‘స్త్రీల సగటు వేతనం’ అన్న మాటను ఎందుకు నమ్మలేదో, ఇక్కడి దళిత స్త్రీలు ‘సీమ సగటు’నూ, ‘స్త్రీ’ అన్న ఏకవచనాన్నీ ఎందుకు నమ్మరో అర్థం చేసుకోవడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

నాకు రాబోయే అభ్యంతరాలు తెలుసు. ఇలా మాట్లాడితే సీమ ఉద్యమం చీలిపోతుందంటారు. చీలిక నా మాటలతో రాలేదు. ఆడకూలికి తక్కువ అంకె రాసిన రోజే వచ్చింది. ఆమెను కూడగట్టుకోని ఉద్యమం నీళ్ళు తెచ్చినా ఆ నీళ్ళు ఎవరి మడికి పారతాయో చూశాం. రెండోది, రైతే అప్పుల్లో చస్తుంటే కూలి పెంచమంటారా అని. మా నాయన కూడా అప్పులతోనే పోయాడు, ఆ బాధ నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. అయినా చెబుతాను. విత్తనం ధర పెంచమని కంపెనీని నిలదీయలేని చేతకానితనాన్ని ఆడపిల్ల కూలిలో కోసుకోవడం రైతు సమస్యకు పరిష్కారం కాదు. విత్తన ధర నిర్ణయించే చోట కూలి రేటును కూడా ఒక షరతుగా పెట్టమని రైతూ కూలీ కలిసి అడగొచ్చు. ఇన్నాళ్ళూ అడగలేదంటే, పైవాడితో తగువు కంటే కిందివాళ్ళ మీద కోత తేలిక కాబట్టి.

అందుకని ఈ పత్రిక చదివే మిత్రులను, రచయితలను, అధ్యాపకులను కొన్ని అడుగుతున్నాను. సీమ వెనుకబాటు మీద ఇక ముందు మనం ఏ పత్రం రాసినా అందులో ఆడకూలి రేటు ఒక అంకెగా ఉండాలి, కులం వారీగా ఉండాలి. పనులు ఆపే ఆ 60 రోజులను మన జిల్లాల్లో అమలు చేయవద్దని ప్రభుత్వాన్ని అడగాలి. సుగ్గికి పోయే పిల్లల బడి గురించి, వాళ్ళ తల్లుల కిలో రేటు గురించి ఒకే కాగితం మీద రాయాలి, విడివిడిగా కాదు. భూమి ఉన్న ఇళ్ళ నుంచి వచ్చిన నాలాంటి వాళ్ళం మన ఇంటి కూలి పుస్తకాలు తెరవాలి. ‘కరువు’ అనే మాట రాసేటప్పుడు ఎవరి కరువు అని ముందు మనల్ని మనం అడగాలి.

మా ఇంట్లో ఆ పుస్తకం ఇంకా ఉంది. అట్ట ఊడిపోయింది, సిరా వెలిసింది. నా ఈడు పిల్ల పేరు అందులో వెతికాను. పేరు లేదు. ‘పిల్లలు - 9’ అని ఉంది. రాసింది నేనే. సభలో ఆ పెద్దమనిషికి చెప్పాల్సిన జవాబు ఆ పేజీలోనే ఉంది. ఈసారి పిలిస్తే ఆ పుస్తకం తీసుకుని వెళతాను. పిలవకపోయినా వెళతాను.